ప్రమాదం గోడౌన్ గేటు దగ్గరే మొదలవుతుంది

(విజయవాడలో లాజిస్టిక్స్ చదువుతున్న డిగ్రీ విద్యార్థుల ఎదుట ఒక లారీ డ్రైవర్ చేసిన ప్రసంగం)

వేదిక మీదున్న పెద్దలకు, మేడమ్‌గారికి, విద్యార్థులందరికీ నమస్కారం.

లారీ డ్రైవర్ బతుకు రోజూ ఎలా గడుస్తుందో చెప్పమని నన్ను పిలిచారు. నేను ఆటోనగర్‌లో క్లీనర్‌గా బండెక్కినవాణ్ని. తర్వాత చాలా ఏళ్లు లైన్ మీద తిరిగాను. కలకత్తా, ఢిల్లీ, గౌహతి, బొంబాయి అన్నీ చూశాను. ఇప్పుడు కొత్త కుర్రాళ్లకు హెవీ బండి నేర్పుతున్నాను. మీరు చదువు అయ్యాక గోడౌన్లలో, ఫ్యాక్టరీల డిస్పాచ్ సెక్షన్లలో, పార్సిల్ కంపెనీల్లో కూర్చుంటారు. మా బండి ఎప్పుడు లోపలికి రావాలో, ఎప్పుడు బయటికి పోవాలో చెప్పే కుర్చీ మీది అవుతుంది. అందుకని డ్రైవర్ కష్టాలన్నీ ఏకరువు పెట్టకుండా, ఆ కుర్చీతో ముడిపడిన సంగతే ఎక్కువగా చెబుతాను.

డ్రైవర్ పని అంటే బండి నడపడం అని అందరూ అనుకుంటారు. మా పనిలో సగం కాచుకోవడం. లోడింగ్ కోసం, అన్‌లోడింగ్ కోసం, కాగితాల కోసం, ఊళ్లోకి నో-ఎంట్రీ టైమ్ అయిపోవడం కోసం కాచుకుంటాం. బండి నడిస్తే డబ్బులొస్తాయి, ఆగితే రావు. ఆ కాచుకునే టైములో సరిగ్గా నిద్రపోయే వీలు కూడా ఉండదు. అక్కడ పోయిన నిద్రను శరీరం వదిలిపెట్టదు, స్టీరింగ్ ముందు కూర్చున్నాక వసూలు చేసుకుంటుంది. హైవే మీద తెల్లవారుజామున జరిగే ప్రమాదాల్లో చాలావాటికి బీజం అంతకు ముందు రోజు ఏదో ఒక గేటు దగ్గర పడుతుందని నా నమ్మకం. ఈ ఒక్క మాట మీ బుర్రలో నాటుకోవాలని వచ్చాను.

ఒక ట్రిప్పులో మొదటి రోజు చెబుతాను, వినండి. విజయవాడ దగ్గర లోడింగ్, కలకత్తాలో దించాలి. దాదాపు 1200 కిలోమీటర్లు. ముందురోజు రాత్రే ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు నుంచి ఫోన్ వస్తుంది: ‘పొద్దున ఏడింటికల్లా గేటు దగ్గర ఉండాలి, లేటైతే టోకెన్ పోతుంది.’ డ్రైవర్ ఐదింటికి లేస్తాడు. టైర్లను రాడ్డుతో కొట్టి గాలి చూసుకుంటాడు. ఆయిల్, కూలెంట్, లైట్లు చూసుకుంటాడు. ఏడింటికి గేటుకి చేరేసరికి ముందు బోలెడు బండ్లు నిలబడి ఉంటాయి. ఎందుకంటే ఏడింటికి రమ్మని అందరికీ చెప్పారు. లోపల ఒకేసారి లోడ్ చేయగలిగేది మూడో నాలుగో బండ్లు.

సెక్యూరిటీ దగ్గర ఆర్‌సీ, లైసెన్స్, ఇన్సూరెన్స్, పొల్యూషన్ కాగితం చూపించి టోకెన్ తీసుకోవాలి. ఖాళీ బండి కాటా వేయించాలి. ఆ తర్వాత క్యూ. ఈ క్యూ గురించి కాస్త ఆగి చెప్పాలి. ఆఫీసులో కూర్చున్నవాళ్లు ‘డ్రైవర్‌కేంటి, బండిలో పడుకునే ఉంటాడుగా’ అంటారు. నేను చాలాసార్లు విన్నాను ఆ మాట. పడుకోలేడు బాబూ. ముందు బండి లోపలికి పోగానే వెనకున్న ప్రతి బండీ ముందుకు జరగాలి. ఇరవై నిమిషాలకో, ముప్పావు గంటకో ఒకసారి ఇంజిన్ స్టార్ట్ చేసి, బండి పొడవంత దూరం జరిపి, మళ్లీ ఆపాలి. జరపకపోతే వెనకవాడు హారన్ కొడతాడు, లేదా పక్కనుంచి దూరిపోతాడు. నంబర్ పిలిచినప్పుడు పలక్కపోతే మళ్లీ క్యూ చివరికి వెళ్లాలి. అందుకని కళ్లు మూసుకున్నా చెవి గేటు వైపే ఉంటుంది. అలాంటి కునుకు ఎన్ని గంటలు తీసినా నిద్ర కిందికి రాదు.

ఇక మే నెలలో క్యాబిన్ సంగతి చెప్పాలా? ఇనుప రేకు, కింద ఇంజిన్ వేడి. 2025 నుంచి తయారయ్యే లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు. అది చాలా మంచి నిర్ణయం, నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. కానీ రోడ్డు మీదున్న బండ్లలో ఎక్కువ పాతవే. కొత్త బండిలో కూడా ఏసీ నడవాలంటే మామూలుగా ఇంజిన్ ఆన్‌లో ఉండాలి, ఆ డీజిల్ లెక్క ఓనర్‌కి చెప్పుకోవాలి. అందుకని చాలామంది బండి కిందికి దూరి, యాక్సిళ్ల మధ్య నీడలో అట్టపెట్టె చింపి పరుచుకుని నడుం వాలుస్తారు. బండి కింద పడుకోవద్దని నేను నేర్పే ప్రతి కుర్రాడికీ చెబుతాను. ‘మరి నీడ ఎక్కడుంది గురూగారూ?’ అంటారు వాళ్లు. చూపించడానికి నాకు చోటు కనపడదు. చాలా చోట్ల గేటు బయట షెడ్డు ఉండదు, తాగునీళ్లు ఉండవు, మరుగుదొడ్డి ఉండదు. లోపల స్టాఫ్‌కి ఉంటుంది, డ్రైవర్‌ని అక్కడికి పోనివ్వరు.

మధ్యాహ్నం మూడింటికి మన బండి బే దగ్గరికి, అంటే సరుకెక్కించే చోటికి చేరిందనుకోండి. హమాలీలు షిఫ్ట్ మారే టైమ్. ఇంకో గంట. లోడింగ్ మొదలయ్యాక డ్రైవర్ పక్కనే నిలబడి బస్తాలు లెక్కపెట్టుకోవాలి. అటు వెళ్లాక ఒక బస్తా తగ్గితే షార్టేజీ కింద అతని డబ్బుల్లోనే కోస్తారు. లోడయ్యాక మళ్లీ కాటా. బరువు ఎక్కువొస్తే బస్తాలు దించాలి, మళ్లీ కాటా. తర్వాత టార్పాలిన్ కట్టాలి. రెండు బరకాలు పైకి మోసుకెళ్లి, ముందు నుంచి వెనక్కి పరిచి, అంచులు మడిచి, తాడు కొక్కేలకు ఎదురెదురుగా లాగి ముళ్లు వేయాలి. ఒంటరిగా చేస్తే గంటకు పైనే పడుతుంది. పూర్వం పక్కన క్లీనర్ ఉండేవాడు. వాడు కింద తాడు లాగితే డ్రైవర్ పైన సర్దేవాడు. ఇప్పుడు చాలా బండ్ల మీద క్లీనర్ లేడు. ఈ పని చేస్తూ బరకం మీంచి కాలు జారి పడి నడుం విరగ్గొట్టుకున్నవాళ్లు నాకు తెలుసు.

ఆ తర్వాత ఇన్‌వాయిస్, ఎల్‌ఆర్ కాపీ (సరుకు లారీకి అప్పగించినట్టు ఇచ్చే రసీదు), ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు జీఎస్టీ కింద తీసుకునే బిల్లు). ‘సర్వర్ డౌన్’ అంటారు, ‘సంతకం పెట్టే సార్ టీకి వెళ్లారు’ అంటారు. ఎట్టకేలకు రాత్రి తొమ్మిదింటికి కాగితాలు చేతికొస్తాయి. వెంటనే గేటు బయటికి పొమ్మంటారు. లోడైన బండిని రాత్రికి యార్డులో ఉంచితే బాధ్యత ఎవరిదని వాళ్ల భయం. బయట రోడ్డు పక్కన ఆపితే పోలీసులు కదలమంటారు. ఇంతలో ఫోన్లు మొదలవుతాయి. ఓనర్, ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు, సరుకు కొన్న పార్టీ: ‘బండి కదిలిందా? జీపీఎస్‌లో ఇంకా అక్కడే చూపిస్తోందే!’

ఇప్పుడు లెక్క వేయండి. ఐదింటికి లేచిన మనిషి. తొమ్మిదింటికి పదహారు గంటలు మెలకువగా ఉన్నాడు. 1200 కిలోమీటర్లలో ఇంకా ఒక్కటి కూడా నడపలేదు. అప్పుడు సెల్ఫ్ కొడతాడు. రాజమండ్రి దాటి, అన్నవరం దాటి, తుని చేరేసరికి తెల్లవారుజామున మూడవుతుంది. ఇరవై రెండు గంటల మెలకువ. పైగా రాత్రి రెండు నుంచి ఐదు మధ్య మనిషి శరీరం ఎలాగూ నిద్రనే కోరుకుంటుంది, పగలంతా పడుకుని వచ్చినా సరే. ఆ రెండూ కలిసే చోట ఉంటాడు మన డ్రైవర్, వెనకాల టన్నుల కొద్దీ బరువుతో.

నిద్ర ఎలా వస్తుందంటే, కళ్లు మూతపడి తల వాలి అలా రాదు. కళ్లు తెరిచే ఉంటాయి, రోడ్డు కనిపిస్తూనే ఉంటుంది, కానీ మూడు నాలుగు సెకన్లు మెదడు పనిచేయదు. గంటకు 60 కిలోమీటర్ల మీద బండి సెకనుకు 16 మీటర్ల పైనే పోతుంది. నాలుగు సెకన్లకు 65 మీటర్ల పైమాటే. అంత దూరం ఆ బండిని ఎవరూ నడపడం లేదన్నమాట. మా వాళ్లు పడే పాట్లు అన్నీ చూశాను. పచ్చిమిరపకాయ కొరుకుతారు, ఖైనీ పెడతారు, టీ మీద టీ తాగుతారు, తల కిటికీలోంచి బయట పెడతారు, ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడుతూ ఉంటారు. మన రాష్ట్రంలో పోలీసులు అర్ధరాత్రి దాటాక బండ్లు ఆపి డ్రైవర్లతో ముఖం కడిగించి పంపిస్తుంటారు. ఆ శ్రద్ధకు దండం పెడతాను, కొందరు బతికే ఉంటారు దానివల్ల. అయితే చన్నీళ్లు పనిచేసేది కాసేపే. నిద్రకు నిద్ర ఒక్కటే మందు. కనీసం ఇరవై నిమిషాలు పక్కకు ఆపి పడుకున్నా తేడా తెలుస్తుంది. కాని ఆపడానికి చోటు కావాలి, ఆపితే ఫోన్ మోగకుండా ఉండాలి.

నాతోపాటు క్లీనర్‌గా మొదలైన ఒక మిత్రుడున్నాడు. ఒక ఫ్యాక్టరీ దగ్గర రెండు రోజులు క్యూలో ఉండి, రెండో రాత్రి లోడు తీసుకుని బయల్దేరాడు. శ్రీకాకుళం జిల్లాలో తెల్లవారుజామున నాలుగింటికి, రోడ్డు అంచున ఆపిన టిప్పర్‌ని వెనకనుంచి గుద్దాడు. ఆ టిప్పర్‌కి వెనక లైట్లు లేవు, రిఫ్లెక్టర్ స్టిక్కర్లు లేవు. మా వాడి కుడికాలు మోకాలి కింద తీసేశారు. ఆసుపత్రికి వెళ్తే నాతో అన్న మొదటి మాట ఏంటంటే, ‘బ్రేక్ తొక్కినట్టు నాకు గుర్తు లేదురా.’ రోడ్డు మీద కూడా టైర్లు గీరిన మచ్చ లేదు. మెలకువగా ఉన్నవాడు ఎంత వేగంలో ఉన్నా ఆఖరి క్షణంలో బ్రేక్ తొక్కుతాడు, మచ్చ పడుతుంది. మచ్చ లేదంటే నిద్ర అని మాలో ఎవరికైనా తెలుసు. కేసు కాగితంలో మాత్రం ‘అతివేగం, నిర్లక్ష్యం’ అని రాశారు. ఆ రెండు రోజుల క్యూ ఎక్కడా నమోదు కాలేదు.

దేశం మొత్తం లెక్కలు చూసినా ఇంతే. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. ప్రభుత్వ నివేదికలో పదింట ఏడు మరణాలు అతివేగం ఖాతాలో ఉంటాయి. అతివేగం లేదని నేననను, ఉంది, మావాళ్లలోనూ ఉంది. కాని అలసట ఎన్ని ప్రాణాలు తీస్తోందో ఆ పట్టికలో మీకు తేలదు. డ్రైవర్లను నేరుగా అడిగినవాళ్లకు తెలిసింది. 2020లో రోడ్డు భద్రత కోసం పనిచేసే సేవ్‌లైఫ్ ఫౌండేషన్ లారీ డ్రైవర్ల మీద ఒక సర్వే చేసింది. సగటున రోజుకు దాదాపు 12 గంటలు పనిచేస్తున్నారని, సుమారు సగంమంది అలసటగా ఉన్నా, నిద్ర వస్తున్నా నడుపుతున్నామని ఒప్పుకున్నారని తేలింది.

చట్టం లేదా అంటే ఉంది. మోటార్ రవాణా కార్మికుల చట్టం 1961లోనే వచ్చింది, 2025 నవంబర్‌లో కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చేదాకా నడిచింది. దాని ప్రకారం రోజుకు ఎనిమిది గంటలు, వారానికి 48 గంటలు. దూరప్రయాణాలకు అనుమతి తీసుకుంటే పది గంటల దాకా. ఐదు గంటలు పనిచేశాక కనీసం అరగంట విరామం. 1988 మోటారు వాహనాల చట్టం కూడా డ్రైవర్ పనిగంటలకు ఆ చట్టాన్నే చూపించింది. అయితే 1961 చట్టం ఐదుగురు, అంతకన్నా ఎక్కువమంది పనివాళ్లున్న సంస్థలకే అని రాశారు. మన దగ్గర లారీ ఓనర్లలో ఎక్కువమంది ఒకటి రెండు బండ్లవాళ్లు. వాళ్ల డ్రైవర్లు ఆ గీతకు బయటే ఉండిపోయారు.

ఇంకో సంగతి మీరు తప్పకుండా తెలుసుకోవాలి. 2018 జూలైలో లారీల బరువు పరిమితి పెంచారు. నాలుగు టైర్ల ఒక్కో యాక్సిల్ మీద 10.2 టన్నులు ఉండేది 11.5 టన్నులైంది. అదే ఏడాది నవంబర్‌లో, నేషనల్ పర్మిట్ బండి మీద ఇద్దరు డ్రైవర్లు ఉండాలనే నిబంధన తీసేశారు. బరువు పెరిగిన సంవత్సరమే రెండో మనిషి దిగిపోయాడు. ఆ నిబంధన ఉన్నప్పుడు కూడా చాలామంది పాటించలేదు, నిజమే. కాని కాగితం మీద ఉంటే అడగడానికి ఒక ఆధారం ఉంటుంది. ఇప్పుడు అదీ లేదు. ఈ నిర్ణయం తప్పని నేను ఎక్కడికెళ్లినా చెబుతాను.

కొన్ని మంచి మార్పులూ వచ్చాయి. 2017 జూలైలో జీఎస్టీ వచ్చాక రాష్ట్రాల సరిహద్దుల్లో పన్ను చెక్‌పోస్టులు పోయాయి. ఇచ్ఛాపురం దగ్గర, తడ దగ్గర గంటల తరబడి కాగితాలు పట్టుకుని నిలబడిన రోజులు మా తరానికి బాగా తెలుసు. 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి అయ్యాక టోల్‌గేట్ల దగ్గర చిల్లర గొడవలు తగ్గాయి. రోడ్డు బాగుపడింది, ఆరు లైన్లు అవుతోంది. మరి ఇలా మిగిలిన గంటలు ఎవరికి దక్కాయి? డ్రైవర్ నిద్రకు దక్కలేదమ్మా. పార్టీ గడువు తగ్గించుకుంది. ఈ-వే బిల్లు చూడండి, 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున గడువు ఇస్తారు. కలకత్తాకి ఆరు రోజులు. అంటే ప్రభుత్వం ఆరు రోజుల్లో వెళ్లొచ్చు అంటోంది, పార్టీ మూడో రోజు పొద్దున్నే దింపాలంటోంది.

చేపల లారీల గురించి చెబితే నా మాట ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. కైకలూరు, ఆకివీడు వైపు నుంచి చేపల బండ్లు హౌరాకి, అస్సాంకి పోతాయి. పెట్టెల్లో ఐస్ పొర, చేప పొర, మళ్లీ ఐస్ పొర వేసి సర్దుతారు. అక్కడ తెల్లవారుజామున వేలంపాట మొదలయ్యేసరికి బండి చేరాలి. ఆ బండిని ఎవరూ టోకెన్ ఇచ్చి కూర్చోబెట్టరు. చెరువులో చేపల పట్టుబడి అవుతుండగానే బండి సిద్ధం, లోడవగానే కదలిక, అక్కడ చేరగానే దించుడు. చాలా బండ్ల మీద ఇద్దరు డ్రైవర్లుంటారు. వాళ్లకూ కష్టాలున్నాయి, ఆపకుండా నడపడం తక్కువ కష్టమేం కాదు. అయినా ఒకటి గమనించండి. అవే ఊళ్లు, అదే హైవే, అవే రకం బండ్లు. చేప కుళ్లిపోతుంది కాబట్టి దాని గంటకు విలువ కట్టారు, ఏర్పాట్లన్నీ దానికి తగ్గట్టు చేశారు. సిమెంటు, సబ్బులు, ఇనుము కుళ్లవు. అందుకని అక్కడ బండి రెండు రోజులు నిలబడినా ఎవరికీ టెన్షన్ లేదు. చేయలేక కాదు, ఆగితే నష్టం తమది కాదు కాబట్టి చేయడం లేదు.

నష్టం ఎవరిదో కూడా చెబుతాను. కొందరు డ్రైవర్లకు నెల జీతం, పైన బత్తా. కొందరికి కిలోమీటరు లెక్క. కొందరికి ట్రిప్పు మొత్తానికి ఇంత అని. ఎలా ఇచ్చినా, బండి తిరిగితేనే చేతికి డబ్బు. బండిని నిలబెట్టినందుకు ఇచ్చే హాల్టింగ్ చార్జీలు ఒప్పందంలో రాసుకున్నా, పార్టీ ఒప్పుకుని ఇస్తే ఓనర్‌కి వస్తాయి. డ్రైవర్ దాకా రావడం అరుదు. గేటు దగ్గర రెండు రోజులు పోయినప్పుడు హోటల్ తిండి, బాత్రూమ్‌కి ఇచ్చే చిల్లర, అన్నీ అతని జేబులోంచే. ఆ నష్టం పూడ్చుకోవాలంటే మిగిలిన దారి ఒక్కటే, రాత్రి ఆపకుండా నడపడం.

తిండి, పడక గురించి రెండు ముక్కలు చెప్పి ముందుకు పోతాను. చాలామంది క్యాబిన్‌లోనే చిన్న గ్యాస్ పొయ్యి, బియ్యం, పప్పు, చింతపండు పెట్టుకుంటారు. ఒడిశా దాటాక మన కూర రుచి దొరకదు, పైగా బయట రోజూ తింటే డబ్బులు ఆగవు. డాబాలు మాకు పెద్ద ఆసరా. భోజనం చేస్తే మంచం ఊరికే ఇస్తారు, స్నానానికి తొట్టినిండా నీళ్లుంటాయి. కొత్త రోడ్లలో మధ్య డివైడర్లు, పక్క సర్వీసు రోడ్లు వచ్చి, కొన్ని డాబాలకు బండి తిప్పే దారే లేకుండా పోయింది. పెట్రోలు బంకుల దగ్గర ‘అప్నా ఘర్’ పేరుతో ఆయిల్ కంపెనీలు డ్రైవర్ల విశ్రాంతి గదులు కట్టాయి, దేశంలో 300కు పైగా ఉన్నాయి. మంచాలు, స్నానాల గదులు, వంట చేసుకునే చోటు ఉంటాయి. చాలా బాగున్నాయి, ఇంకా ఎన్నో రెట్లు కావాలి. చాలామంది మాత్రం క్యాబిన్‌లోనే పడుకుంటారు. బండి వదిలి వెళ్తే డీజిల్ తోడేస్తారని, స్టెప్నీ ఎత్తుకుపోతారని భయం. ఒంట్లో షుగర్, నడుంనొప్పి, నీళ్లు తక్కువ తాగడంవల్ల కిడ్నీలో రాళ్లు. లారీ డ్రైవర్ అంటే పిల్లనివ్వడానికి ఆలోచిస్తున్నారు. డ్రైవర్ కొడుకు డ్రైవర్ అవడం లేదు, క్లీనర్లు లేరు కాబట్టి నేర్చుకునేవాళ్లూ తగ్గిపోయారు. రేపు మీ గోడౌన్‌లో సరుకు రెడీగా ఉంటుంది, తోలే మనిషి ఉండడు.

అమెరికాలో లారీ నడుపుతున్న మన తెలుగు కుర్రాళ్లు కొందరు నాతో ఫోన్‌లో మాట్లాడుతుంటారు. అక్కడ వరసగా పది గంటలు విశ్రాంతి తీసుకున్నాక డ్యూటీ మొదలైతే, పద్నాలుగు గంటల లోపలే నడపాలి. అందులో కూడా స్టీరింగ్ మీద పదకొండు గంటలకు మించకూడదు. బండిలో ఉన్న పరికరం దానంతటదే రాసుకుంటుంది. గోడౌన్ దగ్గర నాలుగు గంటలు కూర్చోబెడితే ఆ నాలుగూ పద్నాలుగులోంచి పోతాయి. అక్కడా డ్రైవర్లకు కాచుకోవడం మీద కోపమే ఉంది. కానీ కనీసం గడియారం దాన్ని లెక్కలోకి తీసుకుంటుంది.

మన దగ్గర కొత్త పరికరం కూడా అక్కర్లేదు. చాలా బండ్లకు జీపీఎస్ ఉంది. టోల్‌గేట్ దాటిన ప్రతి నిమిషం ఫాస్టాగ్‌లో ఉంది. మీ గేటు రిజిస్టర్‌లో ఇన్ టైమ్, అవుట్ టైమ్ ఉన్నాయి. ఈ మూడూ పక్కపక్కన పెడితే డ్రైవర్ ఎన్ని గంటలు కాచుకున్నాడో, ఎన్ని గంటలు నడిపాడో, మధ్యలో పడుకోవడానికి టైమ్ మిగిలిందో లేదో ఐదు నిమిషాల్లో తేలుతుంది. ఇప్పుడు ఆ జీపీఎస్ చూసి అందరూ అడిగేది ‘బండి ఎందుకు ఆగింది?’ అనే. ‘రాత్రి ఎంతసేపు ఆగింది, సరిపడా ఆగిందా?’ అని అడిగే మొదటి డిస్పాచ్ ఆఫీసర్లు మీరు కావాలి.

మీ చేతిలో ఉన్నవే అడుగుతున్నాను. ముప్పై బండ్లను ఏడింటికి రమ్మనకండి. బేలు నాలుగుంటే గంటలు పంచి, పన్నెండింటి బండికి పన్నెండని చెప్పండి. ఆ పొద్దున నాలుగు గంటలు అతను ఇంట్లోనో డాబాలోనో పడుకుంటాడు. నంబర్ వచ్చేముందు ఫోన్‌కి మెసేజ్ పంపండి, క్యూలో జరుపుకుంటూ కూర్చునే పని తప్పుతుంది. గేటు బయట ఒక షెడ్డు, నాలుగు ఫ్యాన్లు, నీళ్లు, మరుగుదొడ్డి ఏర్పాటు చేయమని మీ పైవాళ్లతో పోట్లాడండి. వీటన్నిటికన్నా ముఖ్యమైనది, రాత్రి లోడైన బండిని బయటికి తోసేయకండి. తెల్లారి ఐదింటి దాకా యార్డులో పడుకోనివ్వండి. అతను పడుకుని లేచి ఐదింటికి బయల్దేరితే మధ్యాహ్నానికి ఎంచక్కా వైజాగ్ దాటిపోతాడు. సరుకు ఏడెనిమిది గంటలు ఆలస్యమవుతుంది, అంతే.

ఇక మీరు ఏమైనా అడగాలనుకుంటే అడగండి.

(ఒక విద్యార్థి: ‘సార్, యాక్సిడెంట్ అయ్యాక లారీ డ్రైవర్లు ఆగకుండా పారిపోతారెందుకు?’)

మంచి ప్రశ్న బాబూ. ఆగాలి. ఆగనివాడిని నేను సమర్థించను. కాని ఎందుకు ఆగడో తెలుసుకో. పెద్ద బండి, చిన్న బండి గుద్దుకుంటే తప్పెవరిదని చూడకముందే జనం పెద్ద బండి డ్రైవర్‌ని లాగి కొడతారు. ఆ దెబ్బలకు చచ్చిపోయినవాళ్లున్నారు. పాత చట్టంలో నిర్లక్ష్యంతో ప్రాణం తీస్తే రెండేళ్ల దాకా శిక్ష. కొత్త భారతీయ న్యాయ సంహితలో 106వ సెక్షన్ రెండో భాగం కింద, చెప్పకుండా పారిపోతే పదేళ్ల దాకా అన్నారు. దానిమీదే 2024 జనవరి మొదట్లో దేశమంతా లారీలు ఆగాయి, హైదరాబాద్‌లో పెట్రోలు బంకుల ముందు బారులు మీరు చూసే ఉంటారు. ఆ ఏడాది జూలైలో కొత్త చట్టం అమల్లోకి వచ్చినప్పుడు ఆ ఒక్క భాగాన్ని పక్కన పెట్టారు. నేను మా కుర్రాళ్లకు చెప్పేది ఇది: ముందు 108కి ఫోన్ చెయ్యి. అక్కడ నిలబడితే ప్రాణానికి ముప్పని తోస్తే, తిన్నగా దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కి వెళ్లి నువ్వే చెప్పు. దెబ్బ తగిలినవాళ్లకు సాయం అందడమే అన్నిటికన్నా ముందు.

(ఒక విద్యార్థిని: ‘మా నాన్నగారికి ఒకే లారీ ఉంది సార్. హాల్టింగ్ డబ్బులు గట్టిగా అడిగితే మళ్లీ లోడు ఇవ్వరని భయపడతారు.’)

నిజమేనమ్మా, ఒక్క బండి ఓనర్ ఒంటరిగా అడగలేడు. నేను ఆయన్ని తప్పుపట్టను. అడగడానికి ముందు చేతిలో కాగితం ఉండాలి. చాలా ఎల్‌ఆర్ పుస్తకాల్లో లోడింగ్ తేదీ ఉంటుంది గాని గేటు ఇన్, గేటు అవుట్ టైమ్‌కి గడి ఉండదు. ఆ రెండు గడులు పెట్టించి, సెక్యూరిటీతో టైమ్ వేయించుకుని, డ్రైవర్‌తో ఫోన్‌లో ఫోటో తీయించమనండి. నాలుగు నెలల కాగితాలు పోగయ్యాక లారీ ఓనర్ల అసోసియేషన్‌కి తీసుకెళ్తే, ఏ గేటు దగ్గర ఎంతసేపు పోతోందో అందరి లెక్కా కలిపి పార్టీతో మాట్లాడొచ్చు. అప్పుడు మీ నాన్నగారి ఒక్కరి పేరే బయటపడదు. డబ్బులొస్తే అందులో సగం డ్రైవర్‌కి ఇవ్వమని కూడా నువ్వే చెప్పాలి. వీలైతే ఈ ఆదివారం ఆయన్ని ఆటోనగర్‌కి తీసుకురా, ఆ గడులతో అచ్చువేయించిన ఎల్‌ఆర్ పుస్తకం ఒకటి నా దగ్గర ఉంది, ఇస్తాను.